గుంతకల్లులో నాయన ఎంచిన వీధి

మొన్నొక సాయంత్రం మా అమ్మాయి సోఫాలో అడ్డంగా పడుకుని, ఫోనును మొహానికి జానెడు దూరంలో పెట్టుకుని, తాను చేరబోయే యూనివర్సిటీ కాలేజీని వెతుక్కుంటూ ఉంటే, కన్నతండ్రిని కదా, ఒక మాట సాయం చేద్దామని పక్కన చేరాను. కాలేజీ అంటే ఏ సబ్జెక్టులున్నాయి, పాఠాలు చెప్పేదెవరు, బయటికొచ్చాక ఉద్యోగం దొరుకుతుందా అని చూస్తుందనుకున్నాను గానీ, ఆ ఫోనులో కాలేజీ అన్న వస్తువే నాకు ఎక్కడా కనబడలేదు. కనబడిందల్లా దాని చుట్టుపక్కలే. గేటు దాటితే కాఫీ కొట్టు, అది దాటితే పుస్తకాల కొట్టు, అలసిపోతావేమోనని మళ్లీ కాఫీ కొట్టు, వీధికి రెండు వైపులా చెట్లు, ఆ చెట్ల నీడ ఏ పూట ఎటు పడుతుంది, పొద్దుపోయాక దోసె ఏ మూల దొరుకుతుంది, ఇట్లా పుణె మున్సిపాలిటీకి కూడా తెలియని సంగతులన్నీ బుక్కరాయసముద్రంలో మా ఇంటి సోఫా మీద కుప్పపోసి ఉన్నాయి. ఇదేమమ్మా అంటే, "సబ్జెక్టులు ఎక్కడైనా ఒకటే నాన్నా, బతకాల్సింది ఆ వీధిలో కదా" అని మళ్లీ ఫోనులోకి వెళ్లిపోయింది.

నేను ఎంత గట్టిగా నవ్వానంటే, వంటింట్లోంచి మా ఆవిడ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. నవ్వక ఏం చేసేది? అదే మాటను, ఫోను లేకుండా, చదువు రాకుండా, పుణె అనే ఊరు ఒకటుందని తెలియకుండా, ముప్పై అయిదేళ్ల కిందట మా నాయన అని ఉన్నాడు.

మాది విడపనకల్లు అవతల, కర్ణాటకలోకి కాళ్లు చాపుకుని పడుకున్న పల్లె. మా ఊరి కోడి తెలుగులో కూస్తే అవతలివాళ్లకు కన్నడంలో తెల్లవారేది. వానల సంగతి అడక్కండి. మా ఊళ్లో చినుకు పడితే, ఎవరో కొత్తవాళ్లు వచ్చారని కుక్కలన్నీ లేచి మొరిగేవి. నాయన గొర్రెల కాపరి. ఎండలు ముదరకముందే మందను తోలుకుని కర్నూలు కాలవల వైపు పోవడం, తొలకరికి తిరిగి రావడం, ఇదే ఆయన సంవత్సరం. ఆయన నడిచిన నడకనంతా ఒక తాడుగా పేనితే భూగోళం చుట్టూ తిప్పి, ముడి వేసుకోవడానికి కూడా కొంచెం మిగిలేది. మందను విడిచి ఒక పూట ఉండలేడు. సొంత పెళ్లికి కూడా గొర్రెలను వెంటబెట్టుకునే వచ్చాడని, పెళ్లిపందిట్లో కట్టిన మామిడాకులు ముహూర్తానికి మిగల్లేదని, అమ్మ బతికినన్నాళ్లూ దెప్పుతూనే ఉండేది.

అట్లాంటి మనిషి, నేను ఇంటర్ పాసైన వేసవిలో మందను పెదనాయనకు అప్పజెప్పి, కర్నూలు కాలవల దగ్గరనుంచి ఒక్కడే బస్సెక్కి ఇంటికొచ్చేశాడు. మా వంశంలో ఇంటర్ గట్టెక్కినవాణ్ని నేనే మొదటివాణ్ని గనక నాకొక కాలేజీ చూడాలి. చూడడానికి అమ్మ పెట్టిన షరతు ఒక్కటే. పిల్లోడు ఒంటిగా ఉండగూడదు. "ఒంటిగా తిన్న సంగటి ఒంటికి పట్టదు. వాడు ఆడ ఒక్కడే కూకొని తింటాండాడని తెలిసిందనుకో, చదువూ వద్దు సట్టుబండలూ వద్దు, ఆ పొద్దే ఇంటికి తోలకరావాల" అని నాయనకు తేల్చి చెప్పింది. నాయన సరేనన్నాడు. అమ్మకు ఇచ్చిన మాటంటే ఆయనకు కలెక్టరు ఉత్తర్వు కంటే ఎక్కువ. కలెక్టరుతో కలిసి కాపురం చెయ్యక్కర్లేదు కదా.

ఇప్పుడు కాపరుల పద్ధతి ఒకటి చెప్పాలి. తెలియని ఊళ్లో రాత్రికి మంద ఆపాలంటే, కాపరి ముందు మంద లేకుండా ఒక్కడే ఆ ఊళ్లోకి పోతాడు. గడ్డి చూడడు, నీళ్ల గుంట చూడడు. ఎవరి గడపముందో నిలబడి తాగడానికి నీళ్లడుగుతాడు. నీళ్లిచ్చే ముందు "ఎవురు నువ్వు, యాడి నుంచి" అని అడిగితే ఆ ఊళ్లో ఆపడు. నీళ్లిచ్చి, తాగనిచ్చి, చెంబు తిరిగి తీసుకున్నాక అడిగితే ఆపుతాడు. మా తాతముత్తాతలంతా ఈ ఒక్క సూత్రం మీద దేశం తిరిగొచ్చారు, ఒక్క గొర్రెను పోగొట్టుకోలేదు, నాయన మాటల్లో. అమ్మ మాటల్లో చాలానే పోయాయి.

ఆ సూత్రం పట్టుకుని ముందు అనంతపురం పోయాం. నాయన కొత్త తలగుడ్డ చుట్టాడు. అది విప్పి పరిస్తే మా ఊరికి చావడి అయ్యేది. పెద్ద కాలేజీ ముందు బస్సు దిగగానే నేను ఆ రాతి కట్టడం చూసి నోరు తెరిస్తే, ఆయన దానికి వీపు తిప్పి రోడ్డుకు ఇవతలి కొట్టు దగ్గరికి నడిచాడు. "రోంత నీళ్లియ్యప్పా" అన్నాడు. కొట్టు ఆయన నాయనను తలగుడ్డనుంచి చెప్పులదాకా కొలిచి, "యావూరన్నా? ఈడేం పని మీకు?" అని అడిగి, ఆ తర్వాత, "నీళ్లు ల్యావు, సోడా ఉండాది" అన్నాడు.

"పోదాం పారా" అన్నాడు నాయన నాతో. అంతే. అనంతపురంలో నా ఉన్నత విద్య ఆ సోడా దగ్గర ముగిసింది. పాపం ఆ కొట్టు ఆయన వ్యాపారం ఆయన చేసుకున్నాడు, ఒక బి.ఏ. విద్యార్థి భవిష్యత్తు తన సోడాబుడ్డిలో గోళీలాగా ఆడుతున్నదని ఆయనకేం తెలుసు.

గుంతకల్లులో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. ఆ ఊరి ఎండ ఎట్లాంటిదంటే, మన నీడ కూడా మన కాళ్ల కిందికి దూరి దాక్కుంటుంది. స్టేషన్ వెనక రైల్వే క్వార్టర్లు వరసగా ఉన్న ఒక వీధి, ఎదురు వరసలో సొంత ఇళ్లు, ఒక కిరాణా కొట్టు, దాని మీద అద్దెకిచ్చే ఒక గది. నాయన మొదటి క్వార్టరు గడపముందు నిలబడి నీళ్లడిగాడు. లోపలినుంచి ఒకావిడ బిందెంత చెంబుతో నీళ్లు తెచ్చిపోసింది. తాగాక మజ్జిగ తెచ్చింది. మజ్జిగలోకి నంజుకోను ఉప్పుమిరపకాయ తెచ్చింది. నాయన మీసాలు తుడుచుకుని చెంబు తిరిగిచ్చాక, అప్పుడడిగింది, "యాడన్నా మీది? ఇంగా రోంత పొయ్యాల్నా?" అని.

నాయన నావైపు తిరిగి చూసిన చూపు ఈనాటికీ మరవలేను. దేశాన్ని గెలిచినవాడు కూడా అట్లా చూసి ఉండడు. ఆవిడ గార్డుగారి భార్య, డోన్ దగ్గరి పల్లె మనిషి. కిరాణా కొట్టు మీది గదిలో నన్ను ఉంచాలనుకుంటున్నట్టు విని, "ఉండనీ అన్నా, నా అల్లుని మాదిరి సూసుకుంటా" అంది. నాయనను అన్నా అన్నది కాబట్టి ఆ క్షణంనుంచి ఆవిడ నాకు అత్త. ఆ అత్తకు కూతురు ఉంటే నా కథ వేరే దోవన పోయేదేమో; ఉన్నదల్లా ముగ్గురు మగపిల్లలు, ముగ్గురూ ఇంటి కప్పు మీదే పెరిగిన రకం. కాలేజీని కూడా ఒకసారి చూద్దామా నాయనా అని నేను నసిగితే, "దాన్ని సూసేదేముండాది రా? గోడలు యాడైనా గోడలే. ఉండేది ఈ వీదిలో గదా" అన్నాడు. మా అమ్మాయి తాతను చూడలేదు. ఆయన మాట దాని నోట్లోకి ఏ కాలవ వెంబడి నడిచొచ్చిందో నాకు తెలియదు.

మొదటి సంవత్సరం నేను ఒంటిగా తిన్న పూట లేదు. గదిలో కిరసనాయిలు స్టవ్వు మీద సంగటి కెలికేవాణ్ని గానీ, గిన్నె దించీ దించకముందే ఎదురు గడపనుంచి, "అల్లుడూ, చారు కాగింది, గిన్నె పట్టుకొని రా" అని కేక వచ్చేది. ఆ కేకకు బొంబాయి మెయిలు కూడా ఒక నిమిషం ఆగి పోయేదని మా వీధివాళ్ల నమ్మకం. అత్త పక్కింట్లో అరవం, ఆ పక్కన మలయాళం, చివరింట్లో హిందీ. ఏ ఇంట్లో ఏమి వండినా కొంత నా గిన్నెలో పడేది. నా కడుపులో ఆ సంవత్సరం భారతదేశమంతా సఖ్యంగా ఉంది. నాయన ఎండలు ముదరకముందే మందను కాలవల వైపు తోలుకుపోతూ ఒకసారి వచ్చి చూసి, అమ్మకు చెప్పడానికి ఆ వంటలన్నిటి పేర్లూ నోటికి నేర్చుకుని పోయాడు.

అయితే నాయన లెక్కలో ఒక తప్పుంది. ఆ తప్పు గొర్రెల కాపరి తప్ప ఇంకొకరు చెయ్యలేరు. తిరిగేది తామేనని, ఇటుక గోడల మధ్య తలుపులు పెట్టుకుని ఉండేవాళ్లు కదలరని కాపరుల నమ్మకం. వాళ్లకు ఊళ్లన్నీ నిలిచి ఉంటాయి, తామే కదులుతుంటారు. రైల్వేవాళ్లు కూడా తమలాంటి సంచారులేనని, గడ్డి అయిపోయినందుకు కాక ఒక కాగితం వచ్చినందుకు లేచిపోతారని, నాయనకు ఎట్లా తోస్తుంది?

మరుసటి వేసవి సెలవులకు ముందే గార్డుగారికి బదిలీ అయింది. లారీ మీద మంచాలు, మంచాల మీద బిందెలు, బిందెల మీద ముగ్గురు కొడుకులు. అత్త డ్రైవరు పక్కన కూర్చుని కిటికీలోంచి తల బయటపెట్టి, "కొత్తగా వచ్చేటోళ్లకు చెప్పినా అల్లుడూ, నిన్ను సూసుకోమని" అని కేకేసింది. వచ్చేవాళ్లెవరో ఆవిడకు తెలియదు. వాళ్లు షోలాపూర్‌నుంచి వచ్చారు. నన్ను చూసి మర్యాదగా నవ్వారు, నవ్వి తలుపు వేసుకున్నారు. వాళ్లను తప్పుపట్టను, పాపం, వాళ్లు కూడా ఎక్కడో ఎవరో అత్తను వదిలి వచ్చి ఉంటారు. అరవం, మలయాళం, హిందీ కూడా ఆ వేసవిలోనే వరసగా లారీలెక్కాయి. సెలవులయ్యాక తిరిగొచ్చేసరికి వీధి అదే, గడపలు అవే, మనుషులు మాత్రం ఎవరో చేత్తో తుడిచి మళ్లీ రాసినట్టు కొత్తవాళ్లు.

మరి కాలేజీలో తోటి పిల్లలు లేరా అంటారు. ఉన్నారు. అందరూ రైలు పాసుల మీద చుట్టుపక్కల ఊళ్లనుంచి వచ్చేవాళ్లే. మధ్యాహ్నం పాసింజరు కూత వినబడితే చాలు, లెక్చరరుగారు వాక్యం మధ్యలో ఉన్నా సరే, క్లాసు క్లాసంతా లేచి పట్టాలవైపు పరుగెత్తేది. పానిపట్టు యుద్ధం ఎవరు గెలిచారో మా బ్యాచిలో చాలామందికి ఈనాటికీ తెలియదు. మిగిలేవాళ్లం లెక్చరరుగారు, నేను. ఆయన కూడా నన్ను చూసి కొంచెం జాలిపడి ఇంటికి పోయేవాడు. గది యజమాని కిరాణా కొట్టు శెట్టిగారేమో మాటను కూడా తక్కెట్లో వేసి, ముల్లు అటూఇటూ కాకుండా చూసుకుని ఇచ్చే మనిషి. "వచ్చినావా?" అన్నది ఆయన దినసరి కోటా.

అందుకని నేను స్టేషన్‌కు పోవడం మొదలుపెట్టాను. ఊరికే కాదు. జంక్షన్లో ఒక సౌకర్యం ఉంది. అక్కడ బెంచీ మీద కూర్చుంటే ఎవరో ఒకరు అడుగుతారు. మూట భుజాన వేసుకుని, పిల్లను చంకనెత్తుకుని, బోర్డు చదవడం రాక, చదివినా నమ్మకం లేక, "అన్నా, కడప బండి ఏదన్నా?" అని అడుగుతారు. మొదటిరోజు నాకు తెలియక బిక్కమొహం వేశాను. మరునాటికి తెలుసుకుని పోయాను. నెల తిరిగేసరికి ఏ బండి ఏ ప్లాట్‌ఫారానికి వస్తుంది, ఏది ఎంత ఆలస్యం, ఏ బోగీ ఏ స్తంభం దగ్గర ఆగుతుంది, అంతా నా నాలుక చివర ఉండేది. నేను చెప్పాక డ్రైవర్లు కూడా సరిచూసుకునేవాళ్లని నా గట్టి అనుమానం. ఆ సంవత్సరమంతా నేను మాట్లాడిన తెలుగు వాక్యాలన్నీ ఏరి ఒకచోట పెడితే, ఒక్కటి కూడా నా గురించి ఉండదు. అన్నీ రైళ్ల గురించే. చీకటి పడే వేళకు గదికి పోయి, గోడవైపు తిరిగి సంగటి తినేవాణ్ని. గోడవైపు ఎందుకంటే, ఇటు తిరిగితే ఎదురు గడప కనబడుతుంది.

ఇంటికి మాత్రం ఇదంతా చెప్పలేదు. చెబితే అమ్మ ఏం చేస్తుందో తెలుసు కదా.

ఆ యేడు తొలకరి ఆలస్యమైంది. ఒక మధ్యాహ్నం బళ్లారి బండి వచ్చే వేళకు మంచి గిరాకీ మీద ఉన్నాను. తల ఎత్తి మొహాలు చూసే తీరిక లేదు. మూటలు చూసి జవాబులు చెబుతున్నాను. పక్కనుంచి ఎవరో, "ఏమప్పా, బళ్లారి బండి యాడికొస్తాది?" అన్నారు. "మూడో ప్లాట్‌ఫారమన్నా, ఇంగా టైముండాది, టీ తాగిరా పో" అన్నాను. ఆ మనిషి పోలేదు. అక్కడే నిలబడ్డాడు. కిందికి చూస్తే, టైరు ముక్కలు కొట్టించిన తోలు చెప్పులు, వాటి మీద కర్నూలు నుంచి నడిచొచ్చిన ఎర్రదుమ్ము.

నాయనను అన్నా అని పిలిచిన కొడుకును ఈ భూప్రపంచంలో నేనొక్కణ్నే అయి ఉంటాను.

ముందు వీధికే పోయాడట. అలవాటు చొప్పున మొదటి క్వార్టరు గడపముందు నిలబడి నీళ్లడిగాడట. షోలాపూరావిడ కిటికీలోంచి, ఎవరు, ఎవరు కావాలి అని హిందీలో అడిగిందట. శెట్టిగారు ఆనాటి కోటా దాటి ఒక మాట ఎక్కువ ఖర్చుపెట్టి, "టేసన్లో ఉంటాడు, దినామూ ఆడే" అన్నాడట. ఇదంతా నాయన వరసగా చెప్పి, బెంచీ మీద నా పక్కన కూర్చుని, తలగుడ్డ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. గొర్రె తప్పిపోయిన రోజు కూడా ఆయన మొహం అట్లా లేదు.

"అంతా లేచిపొయ్యినారా?"

"అంతా, నాయనా."

"ఎవురితో తింటాండావ్?"

నేను ఎదుటి బోర్డు మీది బళ్ల వేళలు చదవసాగాను. ఇక ఆయనకు జవాబుతో పని లేకపోయింది.

"వస్తావా, ఉంటావా? వస్తానంటే ఇప్పుడే పోదాం. మంద గుత్తి దాపున ఉండాది. మీయమ్మకు నేను చెప్పుకుంటాలే" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, నిష్ఠూరం లేదు. వస్తానని చెబుదామని నోరు తెరిచాను, దేవుడి సాక్షిగా తెరిచాను. సరిగ్గా అప్పుడు ఒక ముసలమ్మ, తన కంటే పెద్ద మూటతో, రొప్పుకుంటూ వచ్చి, "నాయనా, కడప బండి పోతాండాదే, ఎక్కియ్యి నాయనా" అని నా చెయ్యి పట్టుకుంది. అది అవతలి ప్లాట్‌ఫారం మీద కదలబోతోంది. ఆ మూటను నేను, ఆ ముసలమ్మను మూట, ఎవరు ఎవరిని మోశామో తెలియదు గానీ వంతెన ఎక్కి దిగి ఆమెను బోగీలోకి తోసి, మూటను కిటికీలోంచి ఇచ్చి, చెమటతో తడిసి తిరిగొచ్చాను. వచ్చేసరికి నాయన రెండు చేతుల్లో రెండు టీలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఉంటావులే" అన్నాడు.

ఉంటానని అనలేదు, వస్తాననీ అనలేదు. నేను రావడానికి సిద్ధంగా ఉన్న ఆ ఒక్క నిమిషం కడప బండి ఎక్కి వెళ్లిపోయింది. బస్సు వేళయ్యేదాకా నాయన నా పక్కనే కూర్చున్నాడు. మధ్యలో ఎవరో ఆయనను ధర్మవరం బండి సంగతి అడిగితే, "మావోన్ని అడుగప్పా, వానికి తెలుస్తాది" అని నావైపు చెయ్యి చూపించాడు.

ఇంటికి పోయి అమ్మతో ఏం చెప్పాడో దసరాకు పోయినప్పుడు తెలిసింది. "దినామూ వెయ్యి మంది వాన్ని పలకరిస్తాండారే, వానికి తిననీకే తీరిక ల్యా" అన్నాడట. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అమ్మ ఊరంతా తిరిగి, గుంతకల్లు జంక్షన్ను తన కొడుకే నడుపుతున్నాడని చెప్పుకుంది. ఆ తర్వాత చదువు అయ్యేదాకా నాయన మళ్లీ వస్తావా అని అడగలేదు. అడిగి ఉంటే వచ్చేసేవాణ్ని. అది ఆయనకూ తెలుసునని, అందుకే అడగలేదని, నాకు కూతురు పుట్టి పెరిగాక గానీ అర్థం కాలేదు.

మా అమ్మాయి చివరికి పుణెలో ఒక వీధిని ఎంచుకుంది. దాని పక్కన ఒక కాలేజీ కూడా ఉందట. "అక్కడ ఎవరూ ఎవరినీ పట్టించుకోరంట నాన్నా" అని వరం దొరికినట్టు చెప్పింది. తప్పని ఎట్లా అనను? మా కాలనీలో అది ఏ బస్సుకు పోయిందో, ఏ రంగు చున్నీ వేసుకుందో, ఇంటికి చేరకముందే మాకు కబురు అందించే పుణ్యాత్ములున్నారు. నన్ను నలుగురు పలకరించే చోటు కోసం నాయన మందను వదిలి వచ్చాడు. నా బిడ్డ పలకరింపులు లేని చోటు కోసం ఇల్లు వదిలి పోతోంది. నలుగురిలో ఉండడమే క్షేమమనుకున్న కాలమూ, నలుగురికీ దూరంగా ఉంటేనే ఊపిరి ఆడుతుందనుకునే కాలమూ, రెండింటి మధ్యా ఉన్న బెంచీ మీద కూర్చున్నది నా తరం.

తోడు రావద్దంది. కనీసం బండి ఎక్కిస్తానన్నాను. అనంతపురంలోనూ ఆగే బండికి గుంతకల్లు దాకా ఎందుకు తీసుకుపోయానో దానికీ తెలియదు, నేనూ చెప్పలేదు. బండి వచ్చింది, ఎక్కింది, చెయ్యి ఊపింది, బండి మలుపు తిరగకముందే ఫోనులోకి తల వంచేసింది. నాకు వెంటనే ఇంటికి పోబుద్ధి కాలేదు. బెంచీ మీద కూర్చున్నాను.

ఒక్కరూ అడగలేదు. స్టేషన్ నిండా మనుషులు, మూటలు పోయి చక్రాల సూట్‌కేసులు వచ్చాయి, ప్రతివాడి చేతిలో ఒక ఫోను, ఆ ఫోనులో బండి, బోగీ, ఆలస్యం, అన్నీ ఉన్నాయి. పైనుంచి మైకు మూడు భాషల్లో అరుస్తోంది. నేనేమో ఆ అరగంటలో బోర్డు మీదివన్నీ కంఠతా పట్టి కూర్చున్నాను. చివరికి ఒక నడివయసు మనిషి సూట్‌కేసు లాక్కుంటూ నావైపే రావడం చూసి, నడుం నిటారుగా పెట్టి, గొంతు సవరించుకున్నాను.

"అన్నా, ఈడ ఛార్జింగ్ పెట్టుకునేది యాడుండాదన్నా?" అన్నాడు.

తెలియదన్నాను. ఆయన సరేనని ముందుకు పోయాడు. నాకు మనసొప్పలేదు. లేచి ప్లాట్‌ఫారం ఈ చివరనుంచి ఆ చివరదాకా వెతికితే, నీళ్ల కుళాయి అవతలి స్తంభానికి వెనకవైపు దొరికింది. చెబుదామని వెనక్కి తిరిగేసరికి ఆయన జనంలో కలిసిపోయాడు. ఇంకెవరైనా అడుగుతారేమోనని, ఆ స్తంభం పక్కనే కాసేపు నిలబడ్డాను.